మూడు చుక్కల గుర్తు

మిలటరీ లారీ మా లాండ్రీ ముందు ఆగింది. కెప్టెన్ దిగి, నెత్తురు ఎండి అట్టకట్టిన చొక్కా ఒకటి మా యజమాని లింగరాజు ఒళ్ళో పడేశాడు. సర్కారుకు ఎదురు తిరిగిన ఊరేగింపులో జెండా పట్టుకున్న కుర్రాడి చొక్కా అది. కాలరు లోపల మా చాకలి గుర్తుంది: మూడు చుక్కలు, కింద ఒక గీత.

లారీ వెళ్ళగానే లింగరాజు మమ్మల్ని పిలిచాడు.

"ఈ గుర్తు ఏ ఇంటిదో రేపు పొద్దున్నకి కెప్టెన్ బోజీకి సెప్పాల. సెప్పినోడికి నా సంతకం. సెప్పనోడు మరి కాలేజీ గుమ్మం ఎక్కడు."

బర్మాలో ఎనభై ఎనిమిది నాటి అల్లర్లప్పటి మాట ఇది. చదువుతో పాటు బయట పనీ చేయాలని కాలేజీ వాళ్ళే మమ్మల్ని పజుండౌంగ్ కాలువ ఒడ్డున ఉన్న ఈ లాండ్రీకి పంపారు. యజమాని సంతకం లేకపోతే పరీక్ష లేదు. యాంగోన్‌లో కాలేజీలన్నీ మూతపడ్డాయి గానీ ఆ బెదిరింపు మూతపడలేదు. నల్లజీడి రసంతో బట్టలకు గుర్తులు వేయడం, ఉతికాక ఇంటింటికీ వేరు చేయడం మా పని. ఉతికేది వెంకమ్మ, ఆమె తోటి చాకళ్ళు. గల్లాపెట్టె వదలని లింగరాజుకు ఒక్క గుర్తూ తెలియదు.

మాకు తెలుసు. ఆ చొక్కా మాతో పనిచేసే నాథన్‌ది. భుజంలో తూటా దిగితే చొక్కా వదిలేసి తప్పించుకుని, తాకేటా పేటలో వాళ్ళమ్మ దగ్గర పడి ఉన్నాడు. గుర్తు చెబితే లారీ నేరుగా ఆ ఇంటికే వెళుతుంది.

మధ్యాహ్నం, ఆరేసిన దుప్పట్ల మధ్య అందరం చేరాం.

"నాను సెప్పను," అంది వెంకమ్మ. "మీ సంగతే నాకు తెల్దు. సంతకం గావాల్సింది మీకు. కాలేజీ తెరిస్తే మీరెలిపోతారు. ఈ రేవులో ఉండాల్సింది మేం."

నాకు ఒళ్ళు మండింది. "మీరుండే పాకలు లింగరాజువి కావేటి? ఎళ్ళగొడతానంటే మీలో ఒక్కరూ నోరిప్పరా?"

చాకళ్ళు లేచి నిలబడ్డారు. మావాళ్ళూ లేచారు. మధ్యలోకి కోటిబాబు వచ్చాడు. పబేడాన్ పేట నుంచి కొత్తగా పనిలో చేరిన స్టూడెంటు. పొద్దున లారీలో వచ్చిన సిపాయితో నవ్వుతూ మాట్లాడటం అందరం చూశాం.

"జీడి గుర్తు సెరపలేం. అందరి బట్టలకీ అదే ఏసేద్దాం," అన్నాడు.

"అందర్నీ ఒకే తాడుకి కట్టి అప్పగిద్దామనేటి? సిపాయితో ఏటి మాట్లాడినావు?" నిలదీశాను.

"రేపు ఎన్నింటికి వస్తారని అడిగినాను, మణీ. మనకెంత టైముందో తెలాల కదా?"

ఎవరం నమ్మలేదు. కోటిబాబు చొక్కా విప్పి, జీడి రసంలో పుల్ల ముంచి, తన కాలరు మీదే మూడు చుక్కలు పెట్టి గీత గీశాడు. వెంకమ్మ భుజం మీది తువ్వాలు తీసిచ్చింది.

"నాకూ ఎయ్యి."

అప్పుడు అందరం పుల్లలు పట్టాం. నమ్మకం కుదిరి కాదు, ఒకరి చేతిని ఒకరు కనిపెడుతూనే వేశాం. వీధి బట్టలన్నిటికీ వేశాం. లింగరాజు చొక్కాలకు వేశాం. ఇస్త్రీకి వచ్చిన మిలటరీ యూనిఫాంలకూ వేశాం. పొద్దువాలే లోపల మూటలు ఎవరిళ్ళకు వాళ్ళవి చేర్చాం.

మర్నాడు కెప్టెన్ వచ్చాడు. "ఎవరి గుర్తు?"

"అందరిదీ, బోజీ," అంది వెంకమ్మ.

అతను మా కాలర్లు తిప్పి చూశాడు. దారినపోయే వాళ్ళవి చూశాడు. లింగరాజుది చూసి చెంప పగలగొట్టాడు. చివరికి తన సిపాయి కాలరు తిప్పాడు. వీధిలో ఎవరో కిసుక్కున నవ్వారు. కెప్టెన్ చేయి తన మెడ దాకా వెళ్ళి ఆగిపోయింది.

అప్పుడు అడిగాడు: "కోటిబాబంటే ఎవడు?"

ఈ ఎత్తు కోటిబాబుదని నిన్న దుప్పట్ల మధ్య ఉన్నవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. నాథన్ ఇల్లు చెప్పడానికి నోరు రాలేదేమో, మాలో ఎవరో కోటిబాబును మాత్రం అమ్మేశారు. జుట్టు పట్టి లారీలోకి ఈడుస్తుంటే అతను అరిచాడు: "జీడి ఇంకా ఉంది, ఎండిపోనీకండి!"

లారీ మలుపు తిరగకముందే, పక్క వీధి ఆడవాళ్ళు చంకల్లో బట్టలతో వచ్చారు. "మాకూ ఎయ్యండి ఆ గుర్తు." సాయంత్రానికి ఆ వరస వంతెన దాకా పాకింది. స్టూడెంట్లం, చాకళ్ళం పక్కపక్కనే కూర్చుని వేస్తూనే ఉన్నాం.

పేరు చెప్పిందెవరో తేలుతుందని, లింగరాజు ఎవరికి సంతకం పెడతాడోనని చాన్నాళ్ళు కనిపెట్టాం. మాలో ఆ ద్రోహి ఎవరో ఇప్పటికీ తెలియదు. ఎవరైతేనేం, వాళ్ళ కాలరు మీదా మూడు చుక్కలున్నాయి. ఎంత ఉతికినా పోవు.