ఆగకుండా మోగిన పాటలు

బేబీ ఉల్లిగడ్డలు తరుగుతుంటే భర్త వెస్లీ వంటింటి గుమ్మంలో నిలబడి, "దావత్‌ల పాటలు ఆగొద్దు. ఒకటి అయిపోంగనె ఇంకోటి అందుకోవాలె. నీకు కంప్యూటర్ వస్తది గద, జర జూడు" అన్నాడు. అతనికి కరెంటు ఆఫీసులో ప్రమోషన్ వచ్చింది. ఆదివారం సాయంత్రం జహనుమా బస్తీలోని వాళ్ల డాబా మీద స్నేహితులకు విందు. బిర్యానీ బేబీదే, ఇల్లు కడగడం బేబీదే. ఇప్పుడు పాటలు కూడా ఆమె నెత్తినే పడ్డాయి.

ఆ రోజుల్లో ఆ గల్లీ మొత్తానికి కంప్యూటర్ ఉన్న ఇల్లు వాళ్లదొక్కటే. పగలంతా ఆఫీసులో టైపు చేసి వచ్చే బేబీకి, మళ్లీ తెర ముందు కూర్చోవాలంటేనే కళ్లు మండాయి. తోటి ఉద్యోగిని అలేఖ్య పాటలు కలిపే సాఫ్ట్‌వేర్లు కొన్ని సీడీలో ఎక్కించి ఇచ్చింది. మొదటిది తెరవగానే తెర నిండా మీటలు, చక్రాలు, వణికే గీతలు. ఏది నొక్కితే ఏమవుతుందో తెలిసేలోపే పొయ్యి మీద పప్పు మాడింది. "నా కొడుకు కష్టపడొస్తే నువ్వు పాటలినుకుంట కూసున్నవా?" అంది అత్త మాణిక్యమ్మ. ఆ పాటలు ఎవరి కోసమో చెప్పే ఓపిక కూడా బేబీకి లేకపోయింది.

చివరికి అన్నిటికంటే తేలికైనది ఎంచుకుంది. ఎడమపక్క ఒక పాట, కుడిపక్క ఒక పాట, మధ్యలో అటూ ఇటూ జరిపే మీట. అంతే. అన్నం ఉడికేలోపు కొంత, బట్టలు ఆరేసి వచ్చి కొంత చేసుకోవచ్చు. వెస్లీ తొంగిచూసి, "గిదేంది, పిల్లల ఆట లెక్కుంది" అని నవ్వి వెళ్లిపోయాడు.

అయితే పాటను కలపాలంటే ముందు దాన్ని చివరిదాకా వినాలి. పెళ్లయ్యాక ఆమె ఏ పాటా చివరిదాకా విన్నది లేదు; మధ్యలో ఎవరో ఒకరు పిలిచేవారు. ఇప్పుడు పిలిస్తే, "నీ దావత్ పనే" అనవచ్చు. ఒక పాటలో డప్పు సద్దుమణిగే చోట ఇంకో పాటలోని డోలక్‌ను మెల్లగా లేపింది. రెండూ కలిసి ఒకే ఊపిరి తీసినట్టనిపించింది. బేబీ వెనక్కి జరిపి మళ్లీ వింది. పని కోసం కాదు. ఊరికే.

ఆదివారం డాబా ఊగిపోయింది. కింద బిర్యానీ వడ్డిస్తున్న బేబీ, ఆ డోలక్ వచ్చే చోట గరిట ఆపి చెవి పెట్టింది. పైనుంచి ఈలలు. పళ్లేలు పట్టుకుని మెట్లెక్కేసరికి, వెస్లీ దోస్తు ప్రహ్లాద్ అతని భుజం చరుస్తున్నాడు.

"ఎవర్ని పిలిపిచ్చినవ్ భాయ్? ఏడ అతికిచ్చిండ్రో తెలుస్తనే లేదు!"

"ఎవరెందుకు? నేనే కలిపిన. ఆ సాఫ్ట్‌వేర్ మస్తు కష్టం" అన్నాడు వెస్లీ, భార్య వైపు చూడకుండా.

ప్రహ్లాద్ భార్య సుగుణమ్మ ముచ్చటపడింది. "అన్నా, వచ్చేవారం మా బిడ్డ పుట్టినరోజు. మాకూ గిట్లనే చేసియ్యరాదు? వదినా, నువ్వు జర ముందుగాల వచ్చి బిర్యానీల సాయం జెయ్యి."

"చేద్దాం, ఫికర్ జెయ్యకు" అన్నాడు వెస్లీ, ఇద్దరి తరఫునా.

బేబీకి కోపం రాలేదు. కోపానికి కావలసిన సత్తువ కూడా మిగల్లేదు. కాళ్లు లాగుతున్నాయి. చేతిలోని పళ్లేలు వెస్లీ చేతుల్లో పెట్టి, ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుంది. అతను ఏదో అనబోయాడు. ఆమె ఆగలేదు.

"ఆ పాటలు నేను కలిపిన వదినా. మీ ఇంటికొస్త, పాటలు కలుపుత. వంటింట్లకు మాత్రం రాను."