లాంపుకి ఐసు వైద్యం

చేపల వాళ్ళింట్లో ఏది పాడవుతుందన్నా మందు ఒక్కటే, ఐసు. మా ఆయన బాపిరాజు గారికి కైకలూరు పక్కన నాలుగు చెరువులున్నాయి. ఆయన లెక్కలో ఈ లోకంలో వస్తువులు రెండే రకాలు: ఐసు వేసినవీ, కుళ్ళిపోయినవీ. అలాంటి మనిషి సెకండ్‌హ్యాండ్‌లో ప్రొజెక్టర్ కొన్నారు.

ఏలూరు నుంచి వచ్చి దాన్ని హాల్లో బిగించిన అబ్దుల్ సలాం గారు పాపం అన్నీ విడమరిచి చెప్పారు. "దీని ప్రాణమంతా లోపలున్న లాంపులో ఉందండీ. మూడు వేల గంటలు వెలుగుతుంది, ఇప్పటికే వెయ్యి పైన అయిపోయాయి. వారం వారం ఫిల్టర్ దుమ్ము దులపండి. ఎకో మోడ్‌లోనే పెట్టుకోండి. ఆపాక ఫ్యాన్ ఆగేదాకా ప్లగ్ పీకకండి. వేడి దీనికి శత్రువండీ." ఇంత చెబితే మా ఆయన చెవికెక్కింది ఆఖరి మాటొక్కటే. సలాం గారి బండి సందు తిరక్కముందే ఐసు కొట్టుకి ఫోన్ చేశారు.

మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే థర్మోకోల్ పెట్టె నిండా ఐసు వచ్చేది. దాన్ని ప్రొజెక్టర్ కింద పెట్టి దణ్ణం పెట్టడమొక్కటే తక్కువ. పైగా ఒక రూలు: సినిమా ఆదివారమే, అదీ రెండు గంటలే. ఆదివారం పొద్దున మెనూ తెరిచి, లాంపు ఎన్ని గంటలు వెలిగిందో నంబరు చూసుకునేవారు.

"ఇంట్లో మనుషులు ఉడికిపోతుంటే డబ్బాకి ఐసేవిటండీ?" అన్నాను.

"నీకు తెలీదు సత్యవతీ, ఊరుకో" అన్నారు. ఊరుకోవడం నాకు పుట్టాక ఎవరూ నేర్పలేదు.

మొదటి ఆదివారం మా అత్తయ్య శేషారత్నం గారు కూడా వచ్చి కూర్చున్నారు. రెండేళ్ళుగా ఆవిడకి కంటి నరం నీరసించింది. ఆపరేషన్‌కి లొంగేది కాదన్నారు డాక్టర్లు. టీవీకి ఎంత దగ్గరగా జరిగినా మబ్బే. అలాంటిది గోడంత మొహం కనబడేసరికి, "అమ్మాయ్! ఆ పిల్లకి ముక్కుపుడక ఉందే!" అని కేకేశారు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆయనేమో వరండాలో మేత కొట్టువాడితో ఫోన్‌లో ఉన్నారు, వినలేదు. సరిగ్గా రెండు గంటలకి లోపలికొచ్చి, హీరోని విలన్ నూతిలోకి తోస్తుండగా టక్కున ఆపేశారు. ఆ నూతిలోకి ఈయన్ని తోసేద్దామా అన్నంత కోపం వచ్చింది నాకు.

"నాకు కనబడుతోందని వాడికి చెప్పకే" అన్నారు అత్తయ్య. "చెబితే దానికీ ఓ రూలు పెడతాడు. రేపు వాడు చెరువుకి పోయాక మనం చూసుకుందాం."

నూతిలో పడ్డవాడు ఏవయ్యాడో ఆవిడకి తెలియాలి మరి. నాకూ తెలియాలి, అబద్ధమెందుకు.

అప్పట్నుంచి రోజూ మధ్యాహ్నం కర్టెన్లు మూసి మొదలెట్టేవాళ్ళం. ఐసు సంగతి చెబితే సలాం గారు ఫోన్‌లోనే గోల పెట్టారు. "అమ్మో, తేమ తగిలితే లాంపు ఢామ్మంటుందమ్మా!" దాంతో మా ఆయన గుమ్మం దాటగానే ఐసంతా అరటి మొక్క మొదట్లో పోసేదాన్ని. పెయింట్ బ్రష్‌తో ఫిల్టర్ దులిపేదాన్ని. ఆపాక ప్లగ్ దగ్గర కాపలా అత్తయ్యది. కళ్ళు ఆనకపోయినా చెవులు పాము చెవులు. "ఫ్యాన్ ఆగింది, ఇప్పుడు పీకు" అనేవారు.

శనివారానికి నంబరు పద్దెనిమిది గంటలు ఎగబాకింది. తెల్లారితే ఆయన మెనూ తెరుస్తారు. నంబరు దించే దారుందా అని సలాం గారినడిగాను. "లాంపు కొత్తది వేసినప్పుడు నొక్కే బటనొకటుందమ్మా. నంబరు తగ్గుతుంది గానీ లాంపు వయసు తగ్గదు" అని నీళ్ళు నమిలారు. బతిమాలి అదెక్కడుందో చెప్పించుకుని నొక్కాను. పద్దెనిమిది వెనక్కి పోతుందనుకుంటే మొత్తం సున్నా అయి కూర్చుంది!

ఆదివారం ఆయన మెనూ తెరిచారు. నేను వంటింట్లో స్టవ్ ఆపి చెవులు రిక్కించాను.

"సత్యవతీ! చూశావా ఐసు మహిమ! లాంపు మళ్ళీ పుట్టింది!"

నవ్వాపుకోలేక పమిట నోట్లో కుక్కుకున్నాను. ఇక ప్రతి శనివారం సున్నా చేయడం నా పని, ప్రతి ఆదివారం మురిసిపోవడం ఆయన పని. కైకలూరంతా చాటింపే. ఐసు కొట్టువాడికైతే ఈయన దేవుడు.

నా తెలివి నా కొంపకే నిప్పు పెట్టింది. సున్నా గంటల లాంపంటే కొత్తదాని కిందే లెక్క కదా! తాడేపల్లిగూడెంలో ట్యూషన్ సెంటర్ నడిపే హర్షవర్ధన్ గారు కొత్తదాని ధర ఇస్తాను, అమ్మమని అడిగితే, మా ఆయన సరేననేశారు. అత్తయ్య ఆ రోజు అన్నం సరిగా తినలేదు. "పోనీలే అమ్మాయ్, రెండేళ్ళూ మబ్బుతో బతకలేదా" అన్నారు. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

ఆదివారం హర్షవర్ధన్ గారొచ్చారు. బొమ్మ ఎంత బాగా పడుతుందో చూపించాలని మా ఆయన తన ఫోన్‌లో ఉన్న చెరువు వీడియో పెట్టారు. పెద్ద బొచ్చె చేపని ఎత్తి పట్టుకుని, గోడ నిండా ఆయనే.

"ఒరేయ్ అబ్బాయీ!" అన్నారు అత్తయ్య. "తలంతా నెరిసిపోయిందేవిట్రా?"

మా ఆయన గిర్రున ఆవిడ వైపు తిరిగారు.

"అమ్మా, నేను కనబడుతున్నానా?"

"గోడ మీదైతే కనబడతావురా. పక్కన కూర్చుంటే కనబడవు. రోజూ మధ్యాహ్నం సినిమా వాళ్ళందరినీ చూస్తున్నాను గానీ నిన్ను చూడ్డం ఇదే." అనేసి నాలుక కరుచుకున్నారు.

"రోజూ వేస్తే సున్నా ఎలా ఉంటుందండీ?" అన్నారు హర్షవర్ధన్ గారు.

"నేనే నొక్కుతున్నానండీ" అన్నాను. "ఐసు అరటి మొక్క తాగింది."

మా ఆయన మొహం చూడలేకపోయాను. హర్షవర్ధన్ గారు కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. గుమ్మం దాకా సాగనంపి వచ్చి మా ఆయన, "ఐసు కొట్టువాడికి ఏం చెప్పమంటావే?" అని మాత్రం అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం మేం కర్టెన్లు మూస్తుంటే దిగబడ్డారు. జుట్టుకి నల్లగా రంగేసుకున్నారు, చెవుల మీద కూడా అంటింది! కొత్తగా తీసుకున్న వీడియో గోడ మీద వేసి, "ఇప్పుడు చూడమ్మా" అన్నారు.

అత్తయ్య చాలాసేపు చూశారు. "జుట్టు బాగానే ఉందిరా. మొహవే అలిసిపోయింది. ఇవాళ చెరువు మానేసి కూర్చో."

కూర్చున్నారు. సినిమా పెట్టాను. రెండు గంటలు దాటినా కదల్లేదు.

"ఏవండీ, లాంపు..." అన్నాను కావాలనే.

"నువ్వు నోరు మూసుకుని సినిమా చూడు" అన్నారు.