డబ్బా అడుగున తెల్ల బురద

ఆయిల్ క్యాచ్ క్యాన్‌లో నల్లటి నూనె ఉండాల్సిన చోట తెల్లటి రాతి బురద పేరుకుని ఉంది.

షఫీ ఆ డబ్బాను వెలుతురు వైపు వంచాడు. బురద కదల్లేదు. అడుగున అంటుకుపోయింది. నంద్యాల నూనెపల్లెలో పదకొండేళ్లుగా కార్ల రిపేరు షెడ్డు నడుపుతున్నాడు గానీ ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు.

"ఏందక్కా ఇది? బండికి సున్నం తాపినావా?"

సింధూజ నవ్వలేదు. పొద్దున ఆళ్లగడ్డ నుంచి బయలుదేరినప్పుడు బండి బాగానే ఉంది. సగం దారిలో ఈల మొదలైంది. ఊరి దగ్గరికి వచ్చేసరికి యాక్సిలరేటర్ తొక్కినా లాగడం మానేసింది. షఫీ టర్బో ముందున్న గొట్టం విప్పి టార్చి వేశాడు. గాలిని లోపలికి తోసే చిన్న రెక్కల అంచులు ఎలుకలు కొరికినట్టు ఉన్నాయి.

ఆ డబ్బా పెట్టించుకున్నది ఆమే. ఇంజన్ వదిలే ఆవిరిలో నూనె తుంపర ఉంటుంది. టర్బో బండిలో అది తిరిగి గాలి గొట్టంలోకే పోయి లోపల జిడ్డు కడుతుంది. ఆ తుంపరను దారిలోనే పట్టేసే అల్యూమినియం డబ్బా అది. కంపెనీ సర్వీసు వాళ్లు వద్దన్నారు. బయటి సామాను పెడితే వారంటీ అడగొద్దన్నారు. ఆమె తండ్రి మాధవయ్య అంతకన్నా గట్టిగా వద్దన్నాడు. షఫీ ఒక్కడే ఉన్నదున్నట్టు చెప్పాడు.

"పెట్టకపోయినా బండి నడుస్తాదక్కా. పెడితే మంచిదే. కానీ నెలనెలా విప్పి పారబోయాల. గొట్టం ఊడితే మాత్రం దుమ్ము నేరుగా టర్బోలోకి పోతాది. చూసుకుంటానంటే చెప్పు, పెడతా."

చూసుకుంటానంది. చూసుకుంది కూడా.

ఇప్పుడు షఫీ డబ్బా నుంచి టర్బోకు పోయే గొట్టాన్ని రెండు వేళ్లతో లాగాడు. జడకు కట్టిన రిబ్బను ఊడినంత తేలిగ్గా అది చేతిలోకి వచ్చేసింది.

"క్లిప్పు వదులుగా ఉంది" అంది సింధూజ.

"ఉంది."

"బిగించింది నువ్వే గదా, షఫీ."

"బిగించినా. చూడు." షఫీ క్లిప్పును ఆమె ముందుకు తెచ్చాడు. "నేను బిగించిన ప్రతి స్క్రూ మీద పసుపు పెయింటు గీత గీస్తా. సగం స్క్రూ మీద, సగం క్లిప్పు మీద. ఇప్పుడు రెండు సగాలూ రెండు దిక్కుల ఉండాయి. నా తర్వాత ఎవరో తిప్పినారు."

"నీ తర్వాత దాన్ని ముట్టిందెవరు? శ్రీశైలం పోయే ముందు రోజు ఈడికే తెచ్చినా. నువ్వే పారబోసినావు. నువ్వే మర్చిపోయి ఉంటావు."

షఫీ చేతులు తుడుచుకుంటున్న గుడ్డను బెంచీ మీద పెట్టాడు.

"బిగించడం మర్చిపోయి, గీత మాత్రం గుర్తుపెట్టుకొని పక్కకు తిప్పినానా? అంత మాట అన్నావా అక్కా?"

ఆమె చూపు బండి వైపు తిప్పింది. ఇరవై రోజులు శ్రీశైలంలో ఒక సత్రం ముందు రాతి స్తంభాలు చెక్కి, నిన్న సాయంత్రం బస్సులో ఇల్లు చేరింది. వాకిట్లో బండి తళతళలాడుతోంది. తండ్రి కడిగి పెట్టాడని ముచ్చటపడింది కూడా.

షఫీ కోపం దిగమింగి డబ్బా మూత తిప్పి చూపించాడు. లోపలివైపు అతికించిన చీటీ మీద మార్కరు రాత. ఆరోజు కిలోమీటర్లు నలభై ఒక వేయి రెండు వందల అరవై.

"ఇప్పుడు మీటరు చూసి చెప్పు."

సింధూజ బండిలోకి వంగింది. నలభై ఒక వేయి తొమ్మిది వందల ఎనభై.

"ఏడు వందల ఇరవై తిరిగిందక్కా. ఆపొద్దు ఈడి నుంచి ఇంటికి నలభై, ఈపొద్దు ఇంటి నుంచి ఈడికి నలభై. మిగతా ఆరు వందల నలభై ఎవరు తిప్పినారు?"

"నేను ఊర్లోనే లేను."

"తాళంచెవి?"

"ఇంట్లో. నాయన ఒక్కడే ఉన్యాడు. ఆయనకు ఈ బండంటేనే పడదు."

"ఇంక నన్నడగొద్దు" అన్నాడు షఫీ. "దుమ్ము కూడా మీ శిల్పాల షెడ్డుదే. రాళ్ల మధ్యలో ఆపుతావు గదా."

సింధూజ డబ్బాలోకి వేలు పెట్టి బురద తీసింది. బొటనవేలితో రుద్దింది. ఇంకోసారి రుద్దింది.

"ఇది మాది కాదు షఫీ. నల్లరాయి పొడి గరగరమంటాది. వేలికి గుచ్చుకుంటాది. ఇది మైదాపిండి లెక్క ఉంది. పెట్రోలుతో నూనె కడుగు. ఒక నిమ్మకాయ తెప్పించు."

"సోడా తాగుతావా ఇప్పుడు?"

"తెప్పించప్పా, బేగా."

కడిగిన పొడిని రేకు మీద ఎండలో ఆరబెట్టారు. పక్కనున్న సోడా బండి నుంచి వచ్చిన నిమ్మకాయను షఫీయే కోసి పిండాడు. చుక్క పడగానే పొడి చిటపటమని నురగ కక్కింది. సింధూజ తన సంచిలోని ఉలికి అంటిన నల్లరాయి పొడిని గీరి దాని మీదా పిండించింది. అది కదలకుండా మెదలకుండా తడిసింది.

"నాపరాయి" అంది. "సున్నం ఉన్న రాయి, పులుపుకు పొంగుతాది. బండలు కోసే చోటు పొడి."

"అట్లయితే బేతంచెర్లే. బండలు కోసే మిషన్లన్నీ ఆడే" అన్నాడు షఫీ. వేళ్ల మీద లెక్క వేశాడు. "మీ ఇంటి నుంచి పోయి రాను నూట అరవై. నాలుగు సార్లు పోతే ఆరు వందల నలభై."

సింధూజ చేతికంటిన పొడి దులుపుకుంది. "షఫీ, ఇందాక అన్నది..." అని మొదలుపెట్టింది.

"బస్సు పోతాది, పో అక్కా." అతను ముఖం చూపించలేదు. మిగిలిన నిమ్మచెక్కను కాగితంలో చుట్టి ఆమె సంచిలో వేశాడు.

ఆళ్లగడ్డ బస్సులో నలభై కిలోమీటర్లూ ఆమె ఒక్కటే కోరుకుంది. తాళం ఎవరో దొంగిలించి ఉండాలి. ఎవరైనా సరే, నాయన మాత్రం కాకూడదు. తల్లి పోయాక ఉలి పట్టించింది ఆయన. కళ్లు మూయించి రాతిపొడి వేళ్ల మధ్య పెట్టి, ఏ రాయో చెప్పమనేవాడు. తప్పు చెబితే అన్నం పెట్టేవాడు కాదు.

ఇంటి పక్క షెడ్డులో మాధవయ్య ఎర్రగుడ్డ కప్పిన విగ్రహం ముందు కూర్చుని టీ తాగుతున్నాడు. గడివేముల దగ్గరి ఒక ఊరి గుడికి రెండడుగుల అమ్మవారు. ఆమె లేని ఇరవై రోజుల్లో ఆయన ఒక్కడే పూర్తి చేశాడు. మిగిలింది కళ్లు చెక్కడం. ఆ పని ఎప్పుడూ ఆమెదే. గ్లాసును ఆయన రెండు అరచేతుల మధ్య పట్టుకున్నాడు. టీలోంచి ఇంకా పొగ లేస్తోంది.

"బస్సులో వచ్చినావేంది?"

"బండి చెడిపోయింది నాయనా. షఫీ దగ్గర పెట్టినా."

"ఆ డబ్బా వద్దని అప్పుడే మొత్తుకున్నా. గొట్టం ఊడిందా? సరిగ్గా బిగించి ఉండడు వాడు. ఇంకోసారి వాని షెడ్డు గడప తొక్కొద్దు."

సింధూజ సంచి కింద పెట్టింది.

"గొట్టం ఊడిందని నేను చెప్పలేదు నాయనా."

మాధవయ్య గ్లాసు కింద పెట్టబోయాడు. అంచు తప్పి అది దొర్లిపోయింది. వేడి టీ ఆయన వేళ్ల మీద పారింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఆమె ఎర్రగుడ్డ లాగింది. నల్లటి అమ్మవారు నిగనిగలాడుతోంది. ముక్కు, ముక్కెర, మెడలో హారం అన్నీ కొలిచినట్టు ఉన్నాయి. ఎక్కడా ఉలి తడబడిన జాడ లేదు. తడబడని ఉలి లోకంలో ఉండదు.

సంచిలోంచి నిమ్మచెక్క తీసింది.

"వద్దు సిందూ" అన్నాడు మాధవయ్య.

పీఠం మూల మీద పిండింది. నల్లరంగు కిందనుంచి తెల్లటి నురగ బుసబుసమని లేచింది.

"రేపు దీనికి పెరుగు పోస్తారు, నిమ్మరసం పోస్తారు. ఏండ్లు తిరిగేలోపల అమ్మవారి ముక్కు కరిగిపోతాది. దీనికి నా చేత కళ్లు చెక్కించాలనుకున్యావా? చెప్పు నాయనా. నువ్వే చెప్పు."

మాధవయ్య తన చేతుల వైపు చూసుకున్నాడు. తర్వాత నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"నేనే. గ్రైండర్లు పట్టుకొని పట్టుకొని వేళ్లు సచ్చిపోయినాయి సిందూ. ఏడాదైంది. ఉలి పట్టుకున్నానో లేదో కంటితో చూసుకుంటే తప్ప తెలీదు. నీకు చెప్తే నా ఉలి తీసి పక్కన పెడతావని చెప్పలేదు. గుడి వాళ్లకు చేత్తో చెక్కిన నల్లరాయి అని మాటిచ్చినా. మొదలుపెడితే రెండు దినాలకే ముక్కు పగిలె. బేతంచెర్లలో కంప్యూటర్ మిషను ఉండాది. ఫోటో ఇస్తే కోసిస్తాది. నల్లరాయి ఐతే బ్లేడు అరుగుతాదన్నారు. నాపరాయి ఐతే సరే అన్నారు. నూనె, మసి నేనే పూసినా. ఆటోలో తెస్తే ఊరంతా చూస్తాదని నీ బండి తీసినా. రెండోసారి పోయొచ్చినాక గుర్తొచ్చె, నువ్వు డబ్బా ఖాళీ చేసి పోయినావని. వచ్చి మూత విప్పితే నూనె కనపడతాది, బండి కదిలిందని తెలుస్తాది. అందుకే గొట్టం పీకి పారబోసినా. మళ్ల బిగించినా. బిగిసిందనే అనుకొని ఇంకో రెండు సార్లు పోయొచ్చినా తల్లీ. స్క్రూ తిరుగుతాందో, ఊరికే జారుతాందో, ఈ వేళ్లకు తెలిస్తే గదా. తప్పు షఫీ మీదికి పోతాదని తెలుసు. పోతే పోనీలే అనుకున్నా. వాడు పరాయోడే గదా అనుకున్నా. నువ్వు కళ్లు చెక్కితే ఇంక ఏ రాయని ఎవరూ అడగరు. నీ చెయ్యి పడితే అబద్ధం నిజమైతాదనుకున్నా. నిన్న నువ్వు రాకముందు ఈ అమ్మవారి ముఖం కళ్లు మూసుకొని తడిమి చూసినా. ఇది నల్లరాయో నాపరాయో నాకు తెలీలేదు."