కౌజు పిట్టకు బదులు

తిమ్మాజిపేట చెలకల్లో కౌజు పిట్టలు ఇంకా మిగిలాయో లేదో తేల్చడమే తేజస్విని పరిశోధన. ఫోన్‌లో వాటి కూత పెట్టి, బదులు కోసం చెవులు రిక్కించేది. పొదలన్నీ కొట్టేసి పత్తి వేశాక బదులిచ్చే పిట్ట ఎక్కడిది? ఆ పొద్దున మాత్రం గట్టిగా బదులొచ్చింది. ప్రాణం లేచొచ్చి అటు పరుగెత్తింది.

చూస్తే, లింగయ్య కొట్టం చూరుకు వేలాడే పంజరంలో ఓ ముసలి పిట్ట.

“దీని కూతకు గుట్టల్ల పిట్టలు ఉరికొస్తుండె బిడ్డా, వలేసి పడుతుంటి,” అన్నాడు లింగయ్య. “ఇప్పుడు ఎంత ఒర్లినా పలికేటిది లేదు. ఇయ్యాల ఏదో పలికింది. జూడు, ఎట్ల ఎగురుతున్నదో!”

తేజస్విని ఫోన్‌ను చున్నీలో దాచుకుంది. పిట్ట మెడ చాచి మళ్ళీ పిలిచి, బదులు కోసం ఆగింది.