తడి ఎక్కడుందో

వెనక గుమ్మం పక్కనున్న పూలకుండీని ఆమె రెండు చేతులతో ఒరిగించింది. అడుగున నల్లటి తడిమట్టిలో బూడిదరంగు పురుగులు యాభైకి తక్కువ లేవు. వెలుతురు పడగానే కొన్ని పరుగెత్తాయి, కొన్ని మిరియపు గింజల్లా చుట్టుకుపోయాయి.

"చూస్తూ కూర్చుంటావేంటమ్మా? మందు కొట్టు" అంది ఇంటావిడ. బడిలో పెద్ద పంతులమ్మగా చేసి రిటైరైన మనిషి. గొంతులో ఇంకా బెత్తం ఆడుతోంది.

ఇరవయ్యారేళ్ళుగా ఆమె పని అదే, ఇళ్ళల్లో పురుగులకు మందు కొట్టడం. "మా ఆవిడ పొద్దున్నే మందు కొట్టడానికి పోతుంది, ఇంటి దగ్గర తాగనివాణ్ణి నేనే" అని దర్జీపని చేసే భర్త దుకాణానికి వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వుతాడు. మొదట్లో ఎక్కడ కొట్టమంటే అక్కడ కొట్టేది. ఆ మందే ఊపిరితిత్తుల్లో చేరి దగ్గు పట్టుకున్నాక, ముందు చూడటం, తర్వాతే కొట్టడం అని పెట్టుకుంది. ఆఫీసులో ఆమెను మొండిఘటం అంటారు.

"కొట్టనమ్మగారూ. పాప పాకుతోంది కదా."

"పాకుతోంది కాబట్టే రమ్మన్నాం. నిన్న ఒకదాన్ని నోట్లో పెట్టుకోబోయింది."

చంకలో పాపతో కోడలు గుమ్మంలోకి వచ్చింది. మందు కొట్టే ఆమె ఒక పురుగును వేలి మీద వెల్లకిలా తిప్పి చూపించింది. పొట్ట కింద సంచిలో తెల్లటి పిల్లలు నూకల్లా కదులుతున్నాయి.

"ఇది కూడా బాలింతేనా?" కోడలు నవ్వింది.

"ఇవి రొయ్యలకు చుట్టాలమ్మాయ్. కరవవు, కుట్టవు. కుళ్ళిన ఆకులు తిని బతుకుతాయి. తడి లేకపోతే ఊపిరాడదు. ఇంట్లోకొచ్చినవి ఎండిపోయి చావాలి. మీ ఇంట్లో చావట్లేదంటే నీళ్ళెక్కడో కారుతున్నాయి."

"ప్లంబరు పోయిన నెలే చూశాడు" అంది అత్తగారు.

"నేనూ ఒకసారి చూస్తాను."

మోకాళ్ళ కింద చిన్న మెత్త జరుపుకుంటూ గోడ వెంబడే నేల మీద పాకుతూ వెళ్ళింది. రెండుసార్లు దగ్గు ఆపుకోలేక ఆగింది. సింకు కింద పొడిగానే ఉంది. బాత్‌రూములోనూ అంతే. పదకొండయింది, పన్నెండయింది. ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. "ఇంకా అక్కడేనా?" అన్నాడు మేనేజరు. "ఇంకా ఇక్కడే" అని పెట్టేసింది.

వంటగది గోడకు బిగించిన ఎత్తైన బీరువా దగ్గర పురుగులు బారులు తీరి ఉన్నాయి. వెనక సందులోకి చెయ్యి పోనిచ్చింది. గోడ అటుకుల ముద్దలా మెత్తగా ఉంది. బీరువాను పట్టిన మేకును వేళ్ళతో లాగితే ఊడి చేతిలోకి వచ్చేసింది.

"పాప దేన్ని పట్టుకుని లేచి నిలబడుతోంది?" అని అడిగింది.

కోడలు వంగి చూసింది. బీరువా కింది అర అంచు మీద చిన్న వేళ్ళ జిడ్డు మరకలు వరసగా ఉన్నాయి.

ముగ్గురూ కలిసి సామానంతా దించి, బీరువాను నేల మీద పడుకోబెట్టారు. గోడలో గొట్టం చిల్లు నుంచి నీళ్ళు ఊరుతున్నాయి. ప్లంబరు వచ్చేదాకా ఆమె కదల్లేదు. కుండీల కింద ఇటుకముక్కలు పెట్టింది, గోడవార పేరుకున్న ఆకులు ఊడ్చి దూరంగా పోసింది. వెళ్ళేటప్పుడు ఇంటావిడే గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"వారంలో పోతాయి. పోకపోతే నాకే ఫోన్ చెయ్యండి, ఆఫీసుకు వద్దు" అంది ఆమె.

ఆదివారం మధ్యాహ్నం భోంచేసి కుర్చీలో కునుకు తీసిన ఆమె మళ్ళీ లేవలేదు.

బుధవారం ఇంటావిడ ఫోన్ చేస్తే భర్త ఎత్తాడు. విషయం చెప్పి, "పురుగులు పోయాయాండీ?" అని అడిగాడు.

"పోయాయి బాబూ. ఒక్కటీ లేదు" అంది పెద్ద పంతులమ్మ. ఆ గొంతులో ఇప్పుడు బెత్తం లేదు.

ఫోను పెట్టేసి వెనక గుమ్మంలోకి వచ్చింది. మెట్టు మీద, ఎండలో, పాత పంట్లాం గుడ్డలు పొరలు పొరలుగా వేసి మిషను మీద కుట్టిన చిన్న మెత్త ఉంది. దాని మీద రెండు మోకాళ్ళ గుంటలు.