కుర్చీ, రెండు కొడవళ్లు, కుర్చీ

నాకు ఏడాదికి రెండు మూడుసార్లు ఒకే కల వస్తుంది.

కలలో నేను ఏడేళ్ల పిల్లను. నాన్న జీపులో ముందు సీట్లో కూర్చుని ఉంటాను. కాళ్లు కిందికి అందవు. బుగ్గారం దాటాక మా ఊరి మట్టిదారి. లేత ఎండలో ఎర్రటి దుమ్ము లేచి, మళ్లీ నెమ్మదిగా కిందికి దిగుతూ ఉంటుంది. ఊరు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందంటే, జీపు చప్పుడు తప్ప ఒక పిల్ల ఏడుపు కూడా వినపడదు. దారి పక్కన మనుషులు చెప్పులు చేతుల్లో పట్టుకుని నిలబడి ఉంటారు. జీపు ముందు ఒక మనిషి పరుగెత్తుతుంటాడు, నెత్తిమీద ఏదో పెట్టుకుని, దాన్ని రెండు చేతులతో పట్టుకుని. అతని మొహం కనపడదు. అతను అలా ఊగుతూ పరుగెత్తుతుంటే నాకు నవ్వొస్తుంది. పకపకా నవ్వుతాను. ఆ నవ్వుతోనే మెలకువ వస్తుంది. ఇక ఆ రోజంతా గాలిలో నడుస్తున్నట్టుంటుంది నాకు.

ఆ జీపు నంబరు 4774. జగిత్యాల ఖిల్లా దగ్గర హబీబుద్దీన్ సాబ్ నల్ల రేకు మీద తెల్ల రంగుతో రాసిన అంకెలు. నేను అంకెలు నేర్చుకుంది పలక మీద కాదు, ఆ రేకు మీదే. ఏడుల మీద వేలు పెట్టి దిద్దేదాన్ని. నా పదో ఏట చదువు కోసమని మమ్మల్ని ఊరి నుంచి జగిత్యాలకు తీసుకొచ్చేశారు. ఆ తర్వాత జీపు ఏమైందో ఎవరూ చెప్పలేదు. నేనూ గట్టిగా అడగలేదు.

ఇప్పుడు నాకు యాభై ఏడేళ్లు. ముప్పై ఏళ్లుగా కాలేజీలో బోటనీ చెబుతున్నాను. ఈ ఏడు మొదటిసారి సొంతంగా కారు కొన్నాను, తెల్లది. దానికి ఆ నంబరే కావాలని పట్టుబట్టాను. పట్టుబట్టడం నాకు కొత్త కాదు. మా ఇంట్లో అందరం అంతే, పట్టింది వదలం.

నంబరు పని కోరుట్లలో విత్తనాల దుకాణం నడిపే మా అన్న కొడుకు సంజయ్‌కి అప్పగించాను. రవాణా శాఖ వాళ్లు నచ్చిన నంబర్లకు ఆన్‌లైన్‌లో వేలం పెడతారు. ఒకే నంబరును ఇద్దరు కోరుకుంటే ఎవరు ఎక్కువ రాస్తే వాళ్లది. సంజయ్ దుకాణంలో మక్కజొన్న విత్తనాల సంచుల మధ్య కూర్చుని ఫోను నొక్కుతూ సణిగాడు.

"అత్తమ్మా, గీ నెంబర్ల ఏమున్నది? కూడితే నాలుగొస్తది. అందరు తొమ్మిది కావాలంటరు. నువ్వేమో నాలుగుకు పైసలు వెడుతనంటున్నవ్."

"మీ తాత జీపు నెంబర్ర అది. నీకేం తెలుసు?"

"తాతది గదా? అయితే వెట్టు. కని ఇంకెవరో గూడ గిదే అడుగుతున్నరు, సూడు."

ఆ ఇంకెవరో ఎవరోగాని నాకు ఒళ్లు మండింది. మా నాన్న నంబరుకు మధ్యలో వీళ్లెవరు? ఎంత రాయించానో చెప్పను. చెబితే నా స్టూడెంట్లే నవ్వుతారు. సాయంత్రానికి నంబరు నాదైంది. బిగించిన ప్లేటు చూసుకున్నప్పుడు మాత్రం కొంచెం వెలితిగా అనిపించింది. అందరి బండ్లకూ ఉండే అచ్చు అక్షరాలే, హబీబుద్దీన్ సాబ్ చేతి వాటం లేదు. అయినా టీజీ 21 పక్కన ఆ నాలుగంకెలూ చూస్తుంటే దుమ్ము వాసన వచ్చింది. నిజంగానే వచ్చింది. దుకాణం ముందు నిలబడి కళ్లు మూసుకుని పీల్చాను.

ఈ కారులో మొదట ఎక్కించాల్సింది నర్సక్కను. అది కారు కొనకముందే అనుకున్న మాట. మా అమ్మకు ఎప్పుడూ ఏదో ఒక జబ్బు. నన్ను చంకనెత్తుకుని, తల దువ్వి, పొద్దుగూకే దాకా వెంట ఉండి పెంచింది మా ఇంట్లో పని చేసిన నర్సక్కే. ఇప్పుడు డెబ్బై అయిదు దాటింది. భర్త హన్మండ్లు పోయి పదేళ్లు. బిడ్డ పుష్ప సిరిసిల్లలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేసి చేసి రెండు గదుల ఇల్లు కట్టుకుంది. శుక్రవారం గృహప్రవేశం. "బస్సుల పోవుడు ఇగ నాతోని గాదు. నీ కారుల ముంగట సీట్ల గూసుండి పోత లీలమ్మా, పుష్ప సూడాలె," అని నర్సక్క ఫోనులో అన్నప్పుడు నాకు ఏడుపొచ్చినంత సంతోషమైంది. నాకు పిల్లల్లేరు. నన్ను ఇంకా పిల్లగా చూసే మనిషి ఆమె ఒక్కతే మిగిలింది.

శుక్రవారం పొద్దున్నే ఊరికి వెళ్లాను. పొలాల మీద మంచు ఇంకా విడిపోలేదు. దారి ఇప్పుడు సిమెంటుదైనా నాకు మాత్రం కింద ఎర్రమట్టే కనపడుతోంది. కిటికీ అద్దం దించి, కలలో వెళ్లినట్టే నెమ్మదిగా వెళ్లాను.

నర్సక్క అప్పటికే తయారై గుమ్మంలో నిలబడి ఉంది. ఆకుపచ్చ అంచు చీర, కొత్త చెప్పులు, చేతిలో స్టీలు డబ్బా. నన్ను చూసి బోసినోటితో నవ్వింది. "ఎంత ముద్దుగున్నదే నీ బండి!" అంటూ పక్క అద్దం తడిమింది, తలుపు తడిమింది, ముందుకు వచ్చింది.

అక్కడ ఆగిపోయింది.

నవ్వు అలాగే ఉంది గాని కళ్లు మారాయి. ఎడమ కాలి చెప్పు విడిచింది. కుడి కాలిది విడిచింది. వంగి రెండూ చేతిలోకి తీసుకుని గోడవైపు జరిగింది. కారు మాసిపోతుందని కాబోలు అనుకున్నాను.

"తొడుక్కో నర్సక్కా. మాసిపోతే కడుగుత, ఏమైతది?"

"నేను బస్సుల పోత బిడ్డా."

"బస్సు నీతోని గాదంటివి గద. ఏమైంది?"

ఆమె వేలెత్తలేదు. గడ్డంతో ప్లేటువైపు చూపింది. "గా నెంబరు."

నాకు నవ్వొచ్చింది. "నీకు సదువు ఎప్పుడొచ్చింది?"

"సదువు రాదు. గదొక్కటి అస్తది. బోర్లిచ్చిన కుర్చీ, రెండు కొడవండ్లు, మల్ల బోర్లిచ్చిన కుర్చీ. కాపురానికచ్చిన దినమే మా అత్త మట్టిల గీసి సూపెట్టింది. పుష్పకు నడక రాంగనే నేను నేర్పిన. గది మలుపు కాడ కనవడితే ఇంట్ల జొర్రాలె. జొర్రే యాల్ల లేకుంటే చెప్పులిడిసి చేతుల వట్టుకోని నిలవడాలె."

నేను నమ్మలేదు. ముందు నమ్మలేదు, తర్వాత కోపం వచ్చింది. ఎంత ఇష్టంగా తెచ్చుకున్నాను! "గదెప్పటి ముచ్చట? యాభై ఏండ్లాయె. నాన్న పోయి గూడ ఇరవై ఏండ్లాయె. ఎక్కుమంటున్న గద!"

ఆ చివరి మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే వినపడింది. అది నా గొంతు కాదు.

నర్సక్క తల దించుకుంది. "ఎక్కుత దొర్సాని," అంది. వెనక తలుపు దగ్గరికి నడిచింది, చెప్పులు చేతిలోనే పట్టుకుని.

ఆమె నన్ను పుట్టిన్నుంచీ లీలమ్మా అనే పిలిచింది. ఒక్కసారీ ఆ మాట అనలేదు. నేను తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. సిగ్గుతో మొహం కాలిపోయింది. కాసేపటికి ఆమెను గుమ్మం మీద కూర్చోబెట్టి పక్కన కూర్చున్నాను.

"నాన్న ఏం జేసిండు నర్సక్కా?"

"ఎందుకే గిప్పుడు? మంచి దినం."

"చెప్పు."

ఆమె డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టింది. "మీ హన్మండ్లు మామ ఒక్కపారి చెప్పులిడుసుడు మరిచిండు. జొరంల ఉండె, జీపు సప్పుడు ఇనవడలే. దొర జీపాపి, గా చెప్పులు నెత్తిమీద వెట్టుకోని ముంగట ఉరుకు అన్నడు. గీ ఇంటి కాడికెల్లి కల్వర్టు దాక ఉరికిచ్చిండు. ఎనుకంగ జీపు."

అడగకూడదని తెలుస్తూనే ఉంది. అడిగాను.

"నేను..."

"ముంగట సీట్ల ఉంటివి. నవ్వినవ్." నా మోకాలి మీద చెయ్యి వేసింది. "పసిపిల్లవు. నీకేం ఎరుక? మామ గూడ గదే అనెటోడు, పోరికేం ఎరుక అని."

ఎన్నిసార్లు ఆ నవ్వుతో నిద్ర లేచానో. ఎన్ని పొద్దులు ఆ నవ్వును దాచుకుని తిరిగానో. ఆ సంగతి ఆమెకు చెప్పాలనుకున్నాను. కళ్ల వెంట నీళ్లు మాత్రం కారిపోయాయి, ఆమె కొంగుతో తుడిచింది. తుడవాల్సింది ఆమె కాదు.

"మార్పియ్యరాదా?" అంది ప్లేటువైపు చూస్తూ.

"రాదు. బండి ఉన్నన్ని దినాలు గదే."

"పైసలు వెట్టి కొన్నవా?"

"కొన్న."

"మాకు పుక్కట్లనే నేర్పిండ్రు," అంది. అంటూ తనే చిన్నగా నవ్వింది. లోపలికి వెళ్లి రెండు గోనెసంచులు తెచ్చి, ముందు ఒకటి, వెనక ఒకటి ప్లేట్ల మీద కప్పి రాళ్లూ చెక్కలూ ఆనించింది. "గీ వాడల ముసలోళ్లు ఇంక నలుగురైదుగురున్నరు. సూస్తే జడుసుకుంటరు."

నేను తాళం చెవి సంచిలో వేసుకున్నాను. ఆమె గుమ్మం మీద పెట్టిన చెప్పులు తీసుకుని కాళ్ల ముందు పెట్టాను. ఆమె వెంటనే తొడుక్కోలేదు. ఇద్దరం నడిచాం. ఇల్లు దాటి, మలుపు దాటి, వెనక కారు కనపడకుండా పోయాక, చేతిలోకి తీసుకున్న చెప్పులు నేల మీద వేసి తొడుక్కుంది.

బస్సు ఆగేది కల్వర్టు దగ్గరే. మంచు విడిపోయి ఎండ ఎక్కుతోంది. ఇటూ అటూ వరి, మధ్యలో మేము. నర్సక్క పుష్ప ఇంటి గురించి చెబుతోంది, వంటింటికి ఎర్ర గచ్చు వేయించిందట, కిటికీలు రెండట. నేను ఊఁ కొడుతూ దారినే చూస్తున్నాను. ఇంత పొడుగు దారని నాకు తెలియదు. కలలో అది ఒక్క నవ్వంత ఉంటుంది.

నడిస్తే ఇరవై నిమిషాలు పట్టింది. కల్వర్టు చేరేసరికి రొప్పుతూ గోడ పట్టుకుని ఆగిపోయాను. నాకు జ్వరం లేదు. నెత్తిమీద కూడా ఏమీ లేదు.