తలుపు కింద తువ్వాలు

ఆ ప్లాస్టిక్ డబ్బాను ఆమె రోజూ గోరువెచ్చటి నీళ్లతో కడిగి, పైపు విదిలించి, వంటింటి కిటికీలో బోర్లించేది. మూడు గదుల డబ్బా, గదికో రంగు బంతి. పైపు నోట్లో పెట్టుకుని గాలి లోపలికి లాగితే బంతులు ఒకదాని తర్వాత ఒకటి పైకి లేవాలి. క్యాన్సరని ఊపిరితిత్తిలో ఒక భాగం కోసేసిన మనిషికి, మిగిలినదానితో ఊపిరి తీయడం నేర్పే బడి అది. ఆ బడికి వెళ్లాల్సింది భర్త. పలకా బలపం సర్దాల్సింది ఆమె.

"పీల్చడం నాకు కొత్తా? ఇన్నేళ్ల సర్వీసు!" అని ఆపరేషనై ఇంటికొచ్చిన మర్నాడు అతను జోకేశాడు. చూడవచ్చిన వాళ్లంతా నవ్వారు. ఇంత కష్టంలోనూ ఎంత హుషారో అని మెచ్చుకున్నారు. వాళ్లు గుమ్మం దాటగానే అతను డబ్బాను మంచం కిందికి తోసేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"వాడు చిన్నపిల్లాడిలాంటివాడు. నువ్వోసారి చేసి చూపించమ్మాయ్, తర్వాత వాడే చేస్తాడు," అంది అత్తగారు.

ఆమె చేసి చూపించింది. పైపు నోట్లో పెట్టుకుని బలంకొద్దీ లాగింది. మొదటి బంతి కొంచెం కదిలి కూర్చుంది. మిగతా రెండూ ఉలకలేదు, పలకలేదు. మళ్లీ లాగితే దగ్గు తెర వచ్చింది. భర్త ఇటు తిరిగి, కుట్లు లాగుతున్నా పక్క పట్టుకుని మరీ నవ్వాడు. "ఇది కూడా చేతకాదే నీకు! ఇటు తే," అని లాక్కుని రెండు బంతులు లేపాడు. అత్తగారు చప్పట్లు కొట్టింది. ఆమె కూడా నవ్వింది. ఆ రోజునుంచీ అతను ఆ డబ్బాను మానలేదు, పెళ్లాన్ని ఓడించడానికైనా రోజూ చేసేవాడు. పోనీలే, ఏదో ఒకటి పనిచేసింది అనుకుందామె. అంతకు మించి ఏమీ అనుకోలేదు.

అనుకోవడం ఎప్పుడో మానేసింది. జబ్బు పేరు డాక్టరమ్మ చెప్పినప్పుడు కూడా ఆమెకు ఏడుపు రాలేదు. బకెట్లో నానబెట్టి వచ్చిన దుప్పట్లు గుర్తొచ్చాయి. "మా వదినది గుండె కాదు, బండరాయి. ఒక్క చుక్క రాలిందా?" అని ఆడపడుచు ఆస్పత్రి వరండాలో ఎవరితోనో ఫోన్లో అంటుంటే విని పక్కనుంచే నడిచి వెళ్లింది. బండరాయినైనా బాగుండేది, బండరాయిని ఎవరూ మంచినీళ్లడగరు. కీమో మొదలయ్యాక అతనికి ఏది తిన్నా ఇనుము నాకినట్టుండేది. అది మందు గుణమని నర్సు ఎంత చెప్పినా, "వంట మీద నీకు శ్రద్ధ లేదు" అనేవాడు. వాంతి బేసిన్ కడిగిన చేతులు సబ్బుతో తోముకుని, వాటితోనే తన క్యారేజీ కట్టుకుని ఆఫీసుకు పరిగెత్తేది. ఆఫీసు పై అంతస్తులో. మెట్ల మలుపులో ఆగి, చెప్పు పట్టీ సర్దుకుంటున్నట్టు వంగి, ఊపిరి అందాక పైకెక్కేది. "పేషెంటు ఆయనా, మీరా?" అన్నాడోసారి పై అధికారి. అందరూ నవ్వారు. ఆమె ఆలస్యంగా వచ్చినందుకు సంతకం పెట్టి కూర్చుంది.

నెలలు గడిచాయి. ఒక సాయంత్రం అతను మూడు బంతులూ లేపాడు. "ఇక నాకీ బొమ్మతో పన్లేదు, పారెయ్," అని వీధిలోకి నడకకు వెళ్లాడు.

పారేసేముందు కడిగింది. అలవాటు. కడిగాక, ఎవరూ లేరు కదా అని పైపు నోట్లో పెట్టుకుని లాగింది. ఈసారి మొదటి బంతి కూడా కదల్లేదు. డబ్బా పాడైందేమోనని తిప్పి చూసింది. ఇందాకే కదా అతను లేపింది!

దండెం మీద పాత తువ్వాలు ఆరుతోంది. దాన్ని చూస్తూ నిలబడిపోయింది. కాపురానికొచ్చిన కొత్తలో ఈ ఇంట్లో నేర్చుకున్న మొదటి పని అది. అతను సిగరెట్టు తీయగానే పడగ్గది కిటికీ మూయాలి, ఎందుకంటే కిటికీ అవతలే అత్తగారి వాలుకుర్చీ. తువ్వాలు తడిపి, పిండి, తలుపు కింద సందులో దోపాలి. తల్లంటే అతనికంత గౌరవం, ఆవిడకు వాసన కూడా తగలకూడదు. పెట్టెలు పెట్టెలు ఆ గదిలోనే ఊదేశాడు. ఒకసారి దగ్గు ఆగక ఆమె కిటికీ తెరవబోతే, "మా అమ్మ దగ్గర నా పరువు తీస్తావా?" అన్నాడు. తెరవలేదు. ఇన్నేళ్లూ ఆ పొగ గడప దాటకుండా తనే కాపలా కాసింది.

భయం వేసింది. చాలా కాలం తర్వాత తనదంటూ ఒక భయం. డబ్బాను చెత్తబుట్టలో వేయకుండా, మర్నాటి ఆస్పత్రి సంచిలో అడుగున పెట్టింది.

మర్నాడు స్కానింగ్ ఫిల్ములు లైటుకెదురుగా పెట్టి చూసి డాక్టరమ్మ నవ్వింది. "బావుంది. ఇప్పటికి భయపడాల్సిందేమీ లేదు. పరీక్షలకు మాత్రం వస్తూండండి."

కొడుకుతో తనూ వస్తానని పట్టుబట్టి వచ్చిన అత్తగారు కళ్లొత్తుకుంది. "వాడి మంచితనమే వాణ్ణి కాపాడిందమ్మా. పెద్దంతరం చిన్నంతరం తెలిసిన పిల్లాడు. ఒక్కనాడు నా ముందు కాల్చలేదు. నా ముక్కుకు వాసనైనా తగలనివ్వలేదు."

భర్త స్టూలు మీంచి లేచాడు. ఫైలూ నీళ్ల సీసా సర్దుకుని వెనకాల నడవాల్సింది ఆమె. సంచిలోంచి డబ్బా తీసుకుని, సంచి అతని చేతికిచ్చింది. దాన్నేం చేయాలో తెలియనట్టు పట్టుకున్నాడు.

"పద, ఆకలేస్తోంది," అన్నాడు.

ఆమె అతను లేచిన స్టూలు మీద కూర్చుంది. ఇంకా వెచ్చగా ఉంది. డబ్బాను డాక్టరమ్మ బల్ల మీద పెట్టింది.

"అత్తయ్యగారికి వాసన తగలకుండా తలుపు కింద తడి తువ్వాలు దోపింది నేనే, డాక్టరమ్మా," అంది. "తలుపుకి లోపలివైపు ఉండి దోపాను. నన్ను చూడండి."